ఆర్‌సీ విమానాల లైపో బ్యాటరీలు దాచడం: బ్యాగా, ట్రంకు పెట్టా, కుండా, ఫ్రిజ్జా?

రిమోట్‌తో ఎగరేసే ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానాల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు దాచడం గురించి కొత్తగా ఎగరేస్తున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ డబ్బా కొనాలి?" అని. డబ్బా ముఖ్యమే, కానీ నా లెక్కలో అది మూడోది. మొదటిది ప్యాక్‌లోని ఒక్కో సెల్ ఎన్ని వోల్టుల మీద ఉందనేది, రెండోది ఆ గది ఎంత వేడిగా ఉంటుందనేది. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న ప్యాక్‌ని ఎంత ఖరీదైన పెట్టెలో పెట్టినా ఎండాకాలం దాటేసరికి ఉబ్బే అవకాశం ఉంది. స్టోరేజ్ వోల్టేజీలో, అంటే సుమారు సగం ఛార్జ్‌లో ఉన్న ప్యాక్ చల్లటి గదిలో గచ్చు మీద పడున్నా నిక్షేపంగా ఉంటుంది. మరి డబ్బా ఎందుకు అంటే, ఎప్పుడైనా ఒక ప్యాక్ అంటుకుంటే మంట ఇల్లంతా పాకకుండా ఉండటానికి. బ్యాటరీ ఆయుష్షుకీ దానికీ సంబంధం లేదు. ఈ రెండు పనుల్నీ విడదీసి చూస్తే ఎంపిక తేలికవుతుంది.

## ముందు వోల్టేజీ

లైపో సెల్ నిండితే 4.20 వోల్టులు. 3.0 కిందికి దిగితే లోపల నష్టం మొదలవుతుంది. దాచడానికి సరైన చోటు ఈ రెండింటి మధ్య, 3.80 నుంచి 3.85 వోల్టులు. అంటే సుమారు సగం ఛార్జ్. కింది పట్టికలో 2ఎస్ అంటే రెండు సెల్స్ వరసగా కలిపిన ప్యాక్, 3ఎస్ అంటే మూడు; అంకెలన్నీ వోల్టుల్లో.

| ప్యాక్ | ఫుల్ ఛార్జ్ | దాచాల్సిన వోల్టేజీ | ఇంతకన్నా దిగనివ్వొద్దు |
|---|---|---|---|
| 2ఎస్ | 8.4 | 7.6 – 7.7 | 6.0 |
| 3ఎస్ | 12.6 | 11.4 – 11.55 | 9.0 |
| 4ఎస్ | 16.8 | 15.2 – 15.4 | 12.0 |
| 6ఎస్ | 25.2 | 22.8 – 23.1 | 18.0 |

ప్యాక్ మొత్తం వోల్టేజీ ఒక్కటే చూస్తే సరిపోదు. 11.4 చూపిస్తున్న 3ఎస్ ప్యాక్‌లో రెండు సెల్స్ 3.9లో, ఒకటి 3.6లో ఉండొచ్చు. బ్యాలెన్స్ లీడ్‌కి (ఒక్కో సెల్ నుంచి విడిగా వచ్చే సన్న వైర్ల కనెక్టర్) చెకర్, అంటే వోల్టేజీ చూపే చిన్న మీటర్ పెట్టి ఒక్కో సెల్ విడిగా చూడాలి.

ఫుల్ ఛార్జ్‌లో వదిలేస్తే ఏమవుతుంది? నిండిన సెల్‌లో పాజిటివ్ ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రోలైట్ కొద్దికొద్దిగా విరిగిపోతూ గ్యాస్ పుడుతుంది. లైపోకి గట్టి డబ్బా ఉండదు, పల్చటి పౌచ్ మాత్రమే, అందుకే గ్యాస్ చేరిన కొద్దీ ఉబ్బుతుంది. దానితోపాటు కెపాసిటీ తగ్గుతుంది, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (కరెంటుకి లోపలి అడ్డు) పెరుగుతుంది. ఫీల్డ్‌లో ఇది టేకాఫ్ అప్పుడు తెలుస్తుంది: థ్రాటిల్ ఇవ్వగానే వోల్టేజీ కిందికి జారిపోతుంది, పాత పంచ్ ఉండదు.

ఇంకో సంగతి, సగం ఛార్జ్‌లో ఉన్న సెల్ ఒకవేళ అంటుకున్నా నిండిన సెల్ అంత ఉధృతంగా కాలదు. విమానాల్లో సరుకుగా పంపే లిథియం-అయాన్ బ్యాటరీలను, పరికరంతో కాకుండా విడిగా పంపేటప్పుడు, 30 శాతం ఛార్జ్ దాటకూడదని 2016 ఏప్రిల్ నుంచి నిబంధన ఉన్నది ఇందుకే.

## తర్వాత వేడి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో పై అంతస్తు స్లాబ్ కింద ఉన్న అటక మీద లైపోలు పెడితే వాటి గతి చెప్పక్కర్లేదు. లిథియం-అయాన్ సెల్స్‌ని ఏడాది పాటు దాస్తే ఎంత కెపాసిటీ మిగులుతుందో బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ ఇచ్చే అంచనా ఇది:

| గది వేడి | 40 శాతం ఛార్జ్‌లో దాస్తే | ఫుల్ ఛార్జ్‌లో దాస్తే |
|---|---|---|
| 25 డిగ్రీలు | 96 శాతం | 80 శాతం |
| 40 డిగ్రీలు | 85 శాతం | 65 శాతం |

మన లైపోలకి ఈ అంకెలు ముక్కకు ముక్క వర్తించవు, కానీ దిశ అదే. ఈ పట్టికలో నన్ను ఆపేది ఒక పోలిక: చల్లటి గదిలో ఫుల్ ఛార్జ్‌తో ఉన్న బ్యాటరీకన్నా, 40 డిగ్రీల్లో సగం ఛార్జ్‌తో ఉన్నది మెరుగ్గా మిగిలింది. ఏసీ గది లేదే అని బాధపడేవాళ్లు ముందు స్టోరేజ్ ఛార్జ్ అలవాటు చేసుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే.

మరి ఇంట్లో చల్లటి చోటు ఏది? కింది అంతస్తులో, ఉత్తరం వైపు గదిలో, షాబాదు బండ గానీ టైల్స్ గానీ ఉన్న నేల. అటక వద్దు, పడమటి ఎండ కొట్టే బాల్కనీ వద్దు, ఇన్వర్టర్ పక్కన వద్దు, గ్యాస్ సిలిండర్ ఉన్న చోట అసలే వద్దు. కారు డిక్కీ మాట ఎత్తనే వద్దు, ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే.

## స్టోరేజ్ వోల్టేజీకి తెచ్చే దారులు

ఫ్లైట్ టైమర్. అన్నిటికన్నా తేలిక దారి ఇదే, కానీ పట్టించుకునేవాళ్లు తక్కువ. దిగాక సెల్ 3.75 నుంచి 3.8 దగ్గర నిలిచేలా ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ పెట్టుకుంటే, ఎగిరిన ప్యాక్‌లకి ఇంటికొచ్చాక వేరే పని ఉండదు. చెక్ చేసి పెట్టేయడమే. ఫ్లైట్‌కి ఓ నిమిషం తగ్గుతుంది, బ్యాటరీకి మాత్రం సీజన్లు పెరుగుతాయి.

ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్. ఐమ్యాక్స్ బీ6 లాంటి పాత ఛార్జర్లలో కూడా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఎగరేయకుండా తిరిగొచ్చిన ఫుల్ ప్యాక్‌ని దించడంలో. బీ6 డిశ్చార్జ్ సామర్థ్యం 5 వాట్లే. 2200 ఎంఏహెచ్ 3ఎస్ ప్యాక్‌లో సుమారు 24 వాట్-అవర్లు ఉంటాయి, అందులో సగం దించడానికి దాదాపు రెండున్నర గంటలు. గాలివాన వల్ల నాలుగు ప్యాక్‌లు ఎగరకుండా మిగిలితే రాత్రంతా కూర్చోవాలి. దీంతో విసిగి "రేపు చూద్దాంలే" అనుకోవడంతోనే ప్యాక్‌లు పాడవుతాయి. నెలలో రెండుమూడుసార్లు ఫుల్ ప్యాక్‌లు మిగిలేవాళ్లు డిశ్చార్జ్ వాట్లు ఎక్కువున్న ఛార్జర్‌కి డబ్బు పెట్టడం న్యాయమే.

కారు బల్బు. డబ్బు పెట్టలేనివాళ్లకు ఇది మంచి దారి. ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు తీసుకుని, 55 వాట్ల ఫిలమెంట్‌కి ఎక్స్‌టీ60 కనెక్టర్ (ప్యాక్‌కి తగిలే ప్లగ్) సోల్డర్ చేసుకుంటే అదే 3ఎస్ ప్యాక్ పావుగంటలో దిగుతుంది. 4ఎస్‌కి ఒక్క బల్బు చాలదు, రెండిటిని సిరీస్‌లో కలపాలి. చిన్న ప్యాక్‌లకి 21 వాట్ల ఇండికేటర్ బల్బు సరైనది. బ్యాలెన్స్ లీడ్‌కి బజర్ (వోల్టేజీ తగ్గితే మోగే అలారం) పెట్టి 3.75 దగ్గర సెట్ చేయండి. లోడ్ తీయగానే వోల్టేజీ కాస్త పైకి వచ్చి 3.8 దాటి నిలుస్తుంది. బల్బు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి టైల్ మీద, గుడ్డలకు దూరంగా. పక్కన మనిషి లేకుండా ఈ పని చేయకూడదు, ఎందుకంటే బల్బు తనంతట తాను ఆగదు, 3.0 దాటి లాగేస్తూనే ఉంటుంది.

పని అయ్యాక బజర్ తీసేయడం మరిచిపోవద్దు. అది కూడా బ్యాటరీ మీదే బతుకుతుంది. చెకర్ తగిలించి పెట్టిన ప్యాక్, ఈఎస్‌సీకి (మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్) కనెక్ట్ చేసి స్విచ్ ఆపేసిన ప్యాక్, రెండూ కొన్నాళ్లకు సున్నాకి చేరతాయి.

స్మార్ట్ బ్యాటరీలు. డీజేఐ డ్రోన్ల బ్యాటరీలు కొన్ని రోజులు వాడకపోతే తమంతట తామే దిగుతాయి. హాయిగానే ఉంటుంది గానీ, లోపలి సర్క్యూట్ కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది. దాదాపు ఖాళీ అయిన బ్యాటరీని నెలలు వదిలేస్తే అది మళ్లీ లేవకపోవచ్చు.

ఎన్ని రోజుల్లో ఎగరేస్తే స్టోరేజ్ అక్కర్లేదు? మామూలు రోజుల్లో రెండు రోజుల వరకు ఫుల్‌గా ఉంచినా పర్వాలేదనుకుంటాను. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ రాత్రే దించేయాలి.

## ఇప్పుడు డబ్బాల సంగతి

డబ్బాని మూడు ప్రశ్నలతో తూచాలి. మంటని ఆపుతుందా? గ్యాస్ బయటికి పోవడానికి దారి ఉందా? రోజూ వాడటానికి వీలుగా ఉందా?

రెండో ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. సెల్ అదుపు తప్పి వేడెక్కితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ లాంటి మండే వాయువులు, వాటితోపాటు ప్రమాదకరమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ క్షణాల్లో బయటికొస్తాయి. మూత బిగుసుకుని ఉంటే అవి లోపలే ఒత్తిడి పెంచుకుని డబ్బాని పేల్చేస్తాయి. విదేశీ వీడియోలు చూసి సైన్యం వాడే తూటాల పెట్టెలు కొనేవాళ్లు మూత చుట్టూ ఉండే రబ్బరు సీల్ తీసేయాల్సింది ఇందుకే. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలు, పాత ప్రెషర్ కుక్కర్లు ఈ పనికి పనికిరావు.

| దేంట్లో | మంట | గ్యాస్ దారి | వీలు | ఎవరికి |
|---|---|---|---|---|
| లైపో బ్యాగ్ ఒక్కటే | ఆలస్యం చేస్తుంది, పూర్తిగా ఆపదు | ఉంది | చాలా ఎక్కువ | ఫీల్డ్‌కి తీసుకెళ్లడానికి |
| ట్రంకు పెట్టె, లోపల బ్యాగులు | బాగా ఆపుతుంది | మూత సందుల్లోంచి | ఎక్కువ | ఐదారు ప్యాక్‌లు దాటినవాళ్లకు |
| మట్టి కుండ, ఇసుక | బాగా ఆపుతుంది | వదులు మూత ఉంటే ఉంది | తక్కువ | ఒకటి రెండు ప్యాక్‌లకు |
| వెంట్ ఉన్న ప్రత్యేక లైపో పెట్టె | చాలా బాగా ఆపుతుంది | వడపోతతో ఉంది | ఎక్కువ | ఖర్చు పెట్టగలవాళ్లకు |
| ప్లాస్టిక్ డబ్బా, చెక్క డ్రాయర్ | తానే అంటుకుంటుంది | – | – | ఎవరికీ వద్దు |

లైపో బ్యాగ్ మీద నమ్మకం ఎంత ఉండాలో చెప్పాలి. ఫైబర్‌గ్లాస్ గుడ్డతో కుట్టిన సంచి అది. కుట్లు, జిప్పు దాని బలహీనత. ఒక చిన్న ప్యాక్‌ని ఒంటరిగా పెడితే మంటని చాలావరకు పట్టి ఉంచుతుంది. అదే బ్యాగులో ఆరు ప్యాక్‌లు కుక్కితే ఒకటి అంటుకున్నప్పుడు మిగతా అయిదూ దానికి తోడవుతాయి, అంత వేడిని ఆ గుడ్డ తట్టుకోలేదు. పొగ ఎలాగూ ఆగదు.

మన ఊళ్లలో దొరికే వాటిలో నా ఓటు ట్రంకు పెట్టెకే. హాస్టల్ పిల్లలు పట్టుకెళ్లే ఇనప పెట్టె. రబ్బరు సీల్ ఉండదు, మూత అంచుల్లో సందు ఉంటుంది కాబట్టి గ్యాస్ చేరి పేలే భయం తక్కువ. కానీ రేకు పల్చన, పైగా కరెంటు పాకే లోహం. అందుకని అడుగునా నాలుగు పక్కలా సిమెంట్ షీట్ ముక్కలు గానీ జిప్సమ్ బోర్డు గానీ కోసి పరవాలి. ప్యాక్‌లు ఒక్కోటీ చిన్న లైపో బ్యాగుల్లో వేసి, బ్యాగుకీ బ్యాగుకీ మధ్య అదే బోర్డు ముక్క అడ్డం పెట్టాలి. ఎక్స్‌టీ60 కనెక్టర్లకి ప్లాస్టిక్ క్యాపులు తప్పనిసరి. పెట్టెని రెండు ఇటుకల మీద ఎత్తి పెడితే కింద నేలకి వేడి తగలదు. చుట్టూ మూడడుగుల దూరంలో కర్టెన్, పరుపు, అట్టపెట్టెలు ఉండకూడదు. ఇంటి గుమ్మానికీ మెట్లకీ దగ్గర పెట్టొద్దు: ఏదైనా జరిగితే మీరు బయటికి పరిగెత్తాల్సిన దారి అది.

కుండ చవక, మట్టి కాలదు. పూలకుండీ అయితే అడుగున చిల్లు కూడా ఉంటుంది. లోపల మూడు వేళ్ల మందాన పొడి ఇసుక పోసి, బ్యాగులో ఉన్న ప్యాక్ పెట్టి, పైన మట్టి మూకుడు వదులుగా మూయాలి. ఒక్కసారిగా వచ్చే వేడికి కుండ పగిలే అవకాశం ఉంది, ఇసుక ఆ దెబ్బని కొంత తగ్గిస్తుంది. నీళ్లు పోసిన పాత కుండ వద్దు, చెమ్మ కనెక్టర్లని తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏ పద్ధతి ఎంచుకున్నా సిలికా జెల్ పొట్లాలు రెండు పడేయండి, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టకుండా ఉంటుంది.

## ఫ్రిజ్ మాట

చల్లగా ఉంటే ఆయుష్షు పెరుగుతుందన్నది నిజం కాబట్టి ఫ్రిజ్ ఆలోచన తప్పేం కాదు. చిక్కులు వేరే ఉన్నాయి. బయటికి తీసిన ప్యాక్ మీద గాలిలోని తేమ నీటి బిందువులై కూర్చుంటుంది, బ్యాలెన్స్ కనెక్టర్‌లోకి దిగుతుంది. చల్లటి ప్యాక్‌ని వెంటనే ఛార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం లోహంలా పేరుకుంటుంది, అది షార్ట్ సర్క్యూట్‌కి దారి. అన్నిటికన్నా పెద్దది, ప్లాస్టిక్‌తో నిండి గాలి ఆడకుండా మూసుకునే పెట్టెలో, అన్నం కూరల పక్కన మండే వస్తువు పెడుతున్నాం.

వారం వారం ఎగరేసేవాళ్లకి ఫ్రిజ్ అవసరమే లేదు. మూణ్నాలుగు నెలలు ముట్టుకోనివాళ్లు, వేసవిలో ఇల్లు పొయ్యిలా మారేవాళ్లు, తిండి పెట్టని పాత ఫ్రిజ్ ఉంటే ఆలోచించొచ్చు. ప్యాక్‌ని జిప్ కవర్లో గాలి తీసి మూసి పెట్టాలి. బయటికి తీశాక కవర్ విప్పకుండా ఒక పూట వదిలేసి, గది వేడికి వచ్చాకే విప్పాలి. ఫ్రీజర్ వద్దు. ఉబ్బినవి అసలు వద్దు.

## ఎవరికి ఏది నప్పుతుంది

హాస్టల్లో, అద్దె గదిలో ఉండే విద్యార్థి. రెండు మూడు 3ఎస్ ప్యాక్‌లు, చిన్న గది, పక్కనే మరొకరి మంచం. ఇక్కడ ట్రంకు పెట్టె ఎలాగూ ఉంటుంది, కానీ బట్టలున్న పెట్టెలో కాదు. చిన్న కుండీ, ఇసుక, ఒక్కో ప్యాక్‌కి ఒక్కో బ్యాగ్ చాలు. మీకు ముఖ్యమైంది ఎగరని రోజున ఫుల్ ఛార్జ్ చేయకపోవడం. ఫీల్డ్‌కి వెళ్లే ఉదయమే ఛార్జ్ చేసుకోండి. రాత్రి ఛార్జ్‌కి పెట్టి పడుకోవద్దు.

పిల్లలున్న ఫ్లాట్. బోర్డులు పరిచిన ట్రంకు పెట్టె, గొళ్లేనికి తాళం. తాళం వేసినా మూత సందు ఉండేలా చూసుకోండి. పైన ఒక స్మోక్ అలారం బిగిస్తే నిద్రలో కూడా తెలుస్తుంది, ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

పెద్ద ప్యాక్‌లు చాలా ఉన్న క్లబ్ ఫ్లయర్. 6ఎస్ 5000 ఎంఏహెచ్ లాంటివి పది దాటితే ఒకే పెట్టెలో పెట్టొద్దు. వెంట్ ఉన్న ప్రత్యేక పెట్టెలు రెండు మూడుగా విడదీయండి. ఇలాంటివాళ్లకి డిశ్చార్జ్ వేగంగా చేసే ఛార్జర్ పెట్టెకన్నా ముందు కొనాల్సిన వస్తువు.

పెళ్లిళ్లకు డ్రోన్ తిప్పే ఫొటోగ్రాఫర్. హాబీ కాదు గానీ బాధ ఒకటే. ముహూర్తాల్లో బ్యాటరీలకు తీరిక ఉండదు, ఆషాఢం, మూఢం రాగానే వారాలు వారాలు సంచిలో పడుంటాయి. దానంతట అదే దిగుతుందిలే అని ఫుల్‌గా వదలకుండా, మీరే సగానికి తెచ్చి పెట్టండి. మూణ్నెల్లకోసారి పూర్తిగా ఛార్జ్ చేసి వాడమని డీజేఐ మాన్యువల్సే చెబుతాయి. శ్రావణం పెళ్లిళ్లు మొదలయ్యే ముందు ఆ పని పెట్టుకుంటే మొదటి పెళ్లిలో టెన్షన్ ఉండదు.

సెలవుల్లోనే ఊరికొచ్చి ఎగరేసే ఎన్నారై. పదకొండు నెలలు తాళం వేసిన ఇంట్లో ప్యాక్‌లు వదలడం నాకు నచ్చని పని. ఎండాకాలం మధ్యలో వస్తుంది, చూసే మనిషి ఉండడు. ఊళ్లో ఎగరేసే మిత్రుడికి ఇచ్చి వాడుకోమనండి, వాడుకున్న బ్యాటరీయే ఎక్కువ కాలం బతుకుతుంది. లేదా వెంట తీసుకెళ్లండి. విమానంలో విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సామానులోనే. 100 వాట్-అవర్ల లోపు అయితే మామూలుగా ఒప్పుకుంటారు. 4ఎస్ 5000 ప్యాక్ 74 వాట్-అవర్లు, వెళ్తుంది. 6ఎస్ 5000 అంటే 111, దానికి ఎయిర్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి.

ఈ గొడవంతా వద్దనుకునేవాళ్లు. రిసీవర్ ప్యాక్ (విమానంలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కి కరెంటిచ్చే బ్యాటరీ) వరకు లైఫ్, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారొచ్చు. బరువెక్కువ, సెల్‌కి 3.3 వోల్టులే, కానీ వేడికీ ఫుల్ ఛార్జ్‌కీ లైపోకన్నా బాగా ఓర్చుకుంటుంది. ఎక్కువసేపు నెమ్మదిగా తిరిగే గ్లైడర్లకి 18650, 21700 లిథియం-అయాన్ సెల్స్ కూడా నప్పుతాయి. ఏరోబాటిక్స్, ఈడీఎఫ్ (గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్) జెట్లు ఎగరేసేవాళ్లకి మాత్రం లైపో తప్పదు.

## నెలకోసారి పెట్టె తెరిచినప్పుడు

ఒక్కో ప్యాక్ మీద మాస్కింగ్ టేప్ అంటించి, తేదీ, సెల్స్ వోల్టేజీ రాయండి. ఆరోగ్యంగా ఉన్న లైపో నెలలో పెద్దగా దిగదు. 3.84, 3.84, 3.83 అని రాసుకున్న ప్యాక్‌లో వచ్చే నెల ఒక సెల్ 3.70 చూపిస్తే, ఆ సెల్‌లో ఛార్జ్ లోపలే తరిగిపోతోందన్నమాట. దాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేసి సంతోషపడకుండా పక్కన పెట్టేయండి. బల్లపరుపుగా పెట్టి వేలితో మెల్లగా తడిమితే ఉబ్బు తెలుస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం లాంటి తియ్యటి వాసన వస్తే పౌచ్ ఎక్కడో చిట్లింది, ఇక ఆ ప్యాక్ ఇంట్లో ఉండకూడదు.

అలాంటివాటిని పొడవొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఆరుబయట, మనుషులకి దూరంగా, చిన్న ఇండికేటర్ బల్బు తగిలించి సున్నాకి దించండి. పౌచ్ చిట్లి కారుతున్నదాన్ని, దెబ్బ తిన్నదాన్ని మాత్రం బల్బుకీ తగిలించకుండా ఇసుక నిండిన బకెట్లో పెట్టి ఇంటి బయటే ఉంచండి. ఉప్పునీళ్లలో వేయమని చాలామంది చెబుతారు గానీ, నీళ్లు ముందు ట్యాబుల్ని తినేసి ఛార్జ్ లోపలే మిగిలిపోయే ప్రమాదం ఉంది. దిగిన ప్యాక్ వైర్లకి టేప్ చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రంలో ఇది లిథియం బ్యాటరీ అని చెప్పి ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని మామూలు చెత్తలో కలపకూడదు.

ఇంట్లోనే అంటుకుంటే మనుషుల్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయడమే మొదటి పని. పొగ పీల్చకుండా నిలబడగలిగితేనే దూరం నుంచి ఇసుక గానీ నీళ్లు గానీ. ఇసుక మంట పాకకుండా చూస్తుంది, నీళ్లు పక్క సెల్స్‌ని చల్లబరుస్తాయి. మంట ఆరినట్టు కనిపించినా ఆ ప్యాక్‌ని చేత్తో ముట్టుకోవద్దు, లోపల వేడి ఉన్నంతసేపు మళ్లీ రాజుకోవచ్చు.